విరవని బీడీలు

ఆయన మంచివాడని ఇప్పటికీ అనేవాళ్లు మెదక్‌లో ఉన్నారు. నా ముందు మాత్రం అనరు. అన్నవాళ్లతో పెళ్లిళ్లలో పోట్లాడాను, బస్సులో పోట్లాడాను, ఒకసారి చావింట్లో గొంతు పెంచి మా వాళ్లచేత చీవాట్లు తిన్నాను. ఇన్నేళ్లయింది కదా, ఇంకా ఎందుకమ్మా అని అడుగుతారు. ఇన్నేళ్లయినా తగ్గలేదంటే అది ఉత్త కోపం కాదని వాళ్లకే తెలియాలి.

మొదట్లో ఆయన నిజంగానే మంచివాడు. నా బాధంతా అదే. మొదటినుంచీ దొంగ అయినవాడిని తిట్టి మరిచిపోవచ్చు. మాతోపాటు నేల మీద కూర్చున్నవాడు తరువాత మా నెత్తిన ఎక్కి కూర్చుంటే, ఎక్కడానికి మేమే వీపు వంచితే, దాన్ని ఎట్లా మరిచిపోతారు?

నేను టేక్మాల్ వైపు పల్లె నుంచి మెదక్‌కు కోడలిగా వచ్చేసరికి ఆంధ్ర, తెలంగాణ కలిసి ఒక్క రాష్ట్రమై కొన్నేళ్లయింది. మా ఆయన బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణంలో పనిచేసేవాడు. అత్త బీడీలు చుట్టేది. కాళ్ల పసుపు ఇంకా పోకముందే నన్ను తనతోపాటు కార్ఖానాకు తీసుకుపోయింది. కార్ఖానా అంటే పెద్దగా ఊహించుకోకండి. ఖిల్లా కింద ఒక సేటు ఇల్లు. మధ్యలో వాకిలి, చుట్టూ వసారా, వెనక ఒక చీకటి గది. వసారాలో ఆడవాళ్లం ఒళ్లో చాట పెట్టుకుని కూర్చునేవాళ్లం. హిందువులు ఒక వైపు, ముస్లింలు ఒక వైపు అని ఏమీ లేదు. నీడ ఎటు జరిగితే అందరం అటు జరిగేవాళ్లం.

నాకు బీడీ చుట్టడం నేర్పింది అత్త కాదు. అత్తకు చెయ్యి తొందర, నోరు ఇంకా తొందర. నేర్పింది పక్కన కూర్చునే ఖాలా. ఖాలా అంటే పిన్నమ్మ. వయసులో పెద్దది, అందరికీ ఆమె ఖాలాయే. నానిన తునికాకు మీద రేకు అచ్చు పెట్టి కత్తిరించడం, చిటికెడు తంబాకు సమంగా పరచడం, వేళ్ల మధ్య చుట్టి, మూతి మలిచి, దారం కట్టడం, అన్నీ ఆమె నా వేళ్లు పట్టుకుని చూపించింది. "గట్టిగ పిసుకకు బిడ్డా, జర మెల్లగ. ఎవలో పెదవులకు పెట్టుకునే చీజ్ అది" అనేది. ఆమె భర్త ఒకప్పుడు టాంగా తోలేవాడు. బస్సులు పెరిగాక టాంగా పోయింది, తరువాత ఉబ్బసం పట్టి మనిషి మంచానికి అంటుకుపోయాడు. పిల్లలు లేరు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఖాలా వేళ్లు ఆడాల్సిందే.

సాయంత్రం చుట్టిన బీడీలు పట్టుకుని గద్దె ముందుకు పోవాలి. గద్దె అంటే మోకాలెత్తు చెక్క బల్ల, అంతే. దాని మీద చాటన్ కూర్చునేవాడు. బీడీలు ఏరే మనిషిని మా దగ్గర చాటన్ అంటారు. కట్ట చేతిలోకి తీసుకుని, వదులుగా ఉందనో, సన్నగా ఉందనో, ఆకుకు చిల్లుందనో కొన్ని తీసి పక్కనున్న గంపలో వేస్తాడు. గంపలో పడ్డదానికి కూలి లేదు. దానికి పట్టిన ఆకు, తంబాకు ఖర్చు కూడా మా మీదే పడేది. పోనీ చెడిపోయినవి పారేస్తారా అంటే అదీ లేదు. వాటికి పచ్చదారం కట్టి సేటు తక్కువ ధరకు అమ్ముకునేవాడు. మా ఆయన తాగేది ఆ పచ్చదారం కట్టే. నేను చుట్టి, కూలి రాక కడుపు మండుతూ ఇల్లు చేరితే, అదే బీడీని ఆయన బజార్లో కొనుక్కొచ్చి నా ముందు దర్జాగా వెలిగించేవాడు. సేటును తిట్టలేక ఆయన్ని తిట్టేదాన్ని.

మొదట్లో మంచివాడన్నానే, ఆ మనిషి ఆ రోజుల్లో మా చాటన్. నిజాంపేట వైపు భూములున్న ఇంటి కొడుకు. అన్నదమ్ములతో చెడి, కట్టుబట్టలతో మెదక్ చేరాడు. నాలుగు అక్షరాలు చదివినవాడు కాబట్టి సేటు గద్దె మీద కూర్చోబెట్టాడు. ఏడుపాయల జాతర దగ్గరికొస్తే చాలు, మా బీడీలకు ఎక్కడలేని జబ్బులూ వచ్చేవి. జాతరలో చౌక బీడీ బాగా పోతుంది, అందుకని ఎక్కువ తీసి గంపలో వెయ్యమని సేటు చాటన్‌కు చెప్పేవాడు. ఒక ఏడు జాతర ముందు సేటు వచ్చి గంప సగమే నిండిందని కేకలేశాడు. ఈయన గద్దె దిగాడు. గంపను వాకిట్లో బోర్లించాడు. కింద కూర్చుని ఒక్కో బీడీ రెండు చేతులా పట్టుకుని విరవడం మొదలుపెట్టాడు.

"చెడిపోయినయంటివి గద సేట్. చెడిపోయినదాన్ని విరిస్తె నీకేం నష్టం?" అన్నాడు.

సేటు ఆయన్ని బయటికి పొమ్మన్నాడు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని నడిచాడు. ఆ వెనకే మొదట చాట కింద పెట్టి లేచింది ఖాలా. ఆమెను చూసి మేమంతా లేచాం.

ఆ తరువాత పని బంద్ పెట్టాం. వారాలు గడిచాయి. ఖాలా వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి మీద అందరికీ వండే పెద్ద గిన్నె, గంజు, ఎక్కింది. ఎవరింట్లో ఉన్న గుప్పెడు గింజలు వాళ్లు తెచ్చి అందులో పోసేవాళ్లం. కిచిడీ అయ్యేది కొన్నాళ్లు, జొన్న గటక అయ్యేది కొన్నాళ్లు. ఆయన అందరూ తిన్నాక తినేవాడు. తిన్నాక గంజు ఆయనే తోమేవాడు. బూడిద పెట్టి, కూర్చుని, మసి పోయేదాకా తోమేవాడు. ఆయన ఏనాడూ అట్లాంటి పని చెయ్యలేదని ఎవరైనా అంటే కూడా నేను పోట్లాడతాను. నా కళ్లతో చూశాను.

భూములున్న ఇంటివాడు కాబట్టి ముసలివాళ్లు అలవాటుకొద్దీ ఆయన్ని పటేలా అని పిలిచేవాళ్లు. ఆయన ఒప్పుకునేవాడు కాదు. "పటేలా గిటేలా అనకుండ్రి. అన్నా అనుండ్రి. పటేండ్లు మనకు మస్తుమంది ఉన్నరు" అనేవాడు. అమ్మమ్మ వయసున్న ముసలమ్మలు కూడా సిగ్గుపడుతూ అన్నా అని పిలవడం మొదలుపెట్టారు. మా అత్త అయితే ఆ మాట అన్నప్పుడల్లా పుట్టింటి నుంచి ఎవరో వచ్చినట్టు మొహం పెట్టేది.

చివరకు సేటు విసిగి వ్యాపారం వేరే ఊరికి మార్చుకున్నాడు. అదే ఇల్లు కిరాయికి తీసుకుని మేం సంఘం పెట్టుకున్నాం. బీడీలు మావి, అమ్మకం మాది, ప్రెసిడెంటు ఆయన. మొదటి మీటింగులో ఏం కావాలో చెప్పమంటే ఖాలా ఒకే ఒక్కటి అడిగింది. బీడీ బాగాలేకపోతే తియ్యండి, కానీ తీసినదాన్ని చేసినామెకే ఇవ్వండి, అందరి ముందు ఆమె చేత్తోనే విరవనివ్వండి, అందులోని తంబాకు మళ్లీ ఆమె చాటలోనే పడాలి. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ సాయంత్రాలు ఎంత బాగుండేవో చెబితే ఇప్పటివాళ్లకు నవ్వులాట. పని అయ్యాక వాకిట్లో గుండ్రంగా కూర్చునేవాళ్లం. ఎవరి చెడ్డ బీడీలు వాళ్ల ముందుండేవి. విరుస్తూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్లం. "ఏందే, మొగుడు యాదికొచ్చి వదులుగ చుట్టినవా?" అని నన్ను ఏడిపించేవాళ్లు. చేతినిండా తంబాకు తిరిగి చాటలో పోసుకుంటుంటే, పోయిందనుకున్నది ఇంటికొచ్చినట్టు ఉండేది. గద్దెను ఎవరూ వాడేవాళ్లు కాదు. దాని మీద మా సద్ది గిన్నెలు ఉండేవి.

ఇక్కడి నుంచి చెప్పడానికి నాకు ఒళ్లు మండుతుంది. ఎందుకంటే మొట్టమొదట బీడీలు విరవకుండా ఆపింది ఆయన కాదు. మేమే.

సంఘం ఎట్లా నడుస్తుందో చూడటానికి సంగారెడ్డి నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. వెంట గుమస్తాలు, జవాను. మా వైపు గడప తొక్కిన మగమనిషికి ముందు మంచినీళ్లు ఇస్తారు, తరువాత బీడీ ఇస్తారు. తాగుతావా అని అడగరు, చేతిలో పెడతారు. తాగనివాడు చెవి మీద పెట్టుకుంటాడు. ఇవ్వకపోతే ఇంటి ఇజ్జత్ పోతుంది. మంచి కట్టలన్నీ అమ్మకానికి మూటగట్టి ఉన్నాయి. అప్పుడు మా అత్త ఆ రోజు తీసేసిన బీడీల వైపు చూసి, "బీడీలు జేసేటోళ్లింట్ల బీడీకి కరువా? ఇయ్యాల్టియి విరువకుండ్రి. జర వదులున్నా పొగైతె వస్తది గద" అంది.

ఆయన వద్దన్నాడు. "అనుకున్నది అనుకున్నట్టె ఉండాలె అక్కా" అన్నాడు. మేం వినలేదు. ఖాలా కూడా నవ్వుతూ, "మెహమాన్లకు బేటా, ఒక్కపూటకు ఏమైతది" అంది. ఎవరికి వాళ్లం మా ముందున్నవి తెచ్చి పళ్లెంలో పోశాం. ఆఫీసరు పొగ వదులుతూ బాగుందంటే మా మొహాలు వెలిగిపోయాయి. అంతకుముందు ఆయన ఆఫీసరు ఎదురుగా నేల మీద కూర్చోబోతే, మా ప్రెసిడెంటు కింద కూర్చోవడం మాకే నామోషీ అని గద్దె మీది గిన్నెలు తీసి, తుడిచి, దుప్పటి పరిచి కూర్చోబెట్టింది కూడా మేమే.

మెహమాన్లు ఒక్కపూటతో ఆగుతారా? ఆకుల కంట్రాక్టరు వచ్చేవాడు, పోలీసు జమాదారు వచ్చేవాడు, వాళ్లను చూసి పార్టీవాళ్లు వచ్చేవాళ్లు. రోజూ ఎవరో ఒకరు. పళ్లెం చాలక పాత గంప బయటికి వచ్చింది. రోజూ గద్దె ఎక్కి దిగడం ఎందుకని ఆయన దాని మీదే ఉండిపోయాడు. ఇంత పనిలో ఏరడం కుదరడం లేదని బామ్మర్దిని చాటన్‌గా తెచ్చాడు. వాకిట్లో విరుస్తుంటే తంబాకు నేలపాలవుతోంది, గంప లోపలి గదిలో పెడితే అక్కడే విరిచి లెక్కప్రకారం పంచుతామని బామ్మర్ది చెప్పాడు. కొన్నాళ్లు తలా కాస్త తంబాకు వచ్చింది. తరువాత రాలేదు. అడిగితే సంఘానికి ఖర్చులుండవా అన్నారు. ఇదంతా ఒక్కరోజులో జరిగితే మేం గొడవ చేసేవాళ్లమే. ఒక్కో ముక్క ఒక్కోసారి పోయింది. ప్రతిసారీ, ఇంత చిన్నదానికి అన్నతో పంచాయితీ ఎందుకని ఊరుకున్నాం.

ఈ మధ్యలో ఎప్పుడో మా అత్త నోటివెంట మళ్లీ పటేలా అని వచ్చింది. నేను ఆయన మొహం చూశాను, వద్దంటాడేమోనని. ఆయన ఊఁ కొట్టాడు.

ఒక సాయంత్రం మా ఆయన జేబులోంచి బీడీ కట్ట తీశాడు. పచ్చదారం. నేను అన్నం గరిటె అట్లాగే పట్టుకుని నిలబడ్డాను.

"ఇది ఏడిదయ్యా?"

"బస్టాండు కాడ పాన్ డబ్బల కొన్న. మీ సంఘందేనట. మస్తు సస్తగ దొరుకుతున్నది" అన్నాడు, నన్ను సంతోషపెట్టే మాట చెబుతున్నట్టు.

పొద్దున్నే ఆ కట్ట తీసుకుపోయి ఖాలా చేతిలో పెట్టాను. ఆమె దారం విప్పి వేలికి చుట్టుకుంది. తరువాత వచ్చిన మీటింగులో లేచి నిలబడింది. ఆమెకు మీటింగుల్లో మాట్లాడే అలవాటు లేదు.

"బేటా, లోపలికి పోయిన బీడీలు విరుస్తున్నరా, అమ్ముతున్నరా?"

ఆయన కోప్పడలేదు. ఆయన ఎప్పుడూ కోప్పడడు, అది ఆయన దగ్గరున్న పెద్ద విద్య. గద్దె మీంచి కిందికి వంగి మెల్లగా చెప్పాడు. "అమ్ముతున్నం ఖాలా. దాస్తనా నీ కాడ? గా పైసలు నా ఇంటికి పోతున్నయా? మున్సిపాలిటీ ఎలక్షన్లు వస్తున్నయి. మన మనిషి ఒకడు అండ్ల ఉంటెనే మన సంఘం బతుకుతది. మన కోసమే గద."

మన మనిషి ఎవరో చెప్పాల్సిన పనిలేదు. మన, మన అని ఆయన అన్నప్పుడల్లా తలలు ఊగుతున్నాయి. సేటు ఏనాడూ మన అనలేదు. నా మాలు, మీ కూలి అనేవాడు. అందుకే వాడితో కొట్లాడటం తేలికైంది. మన అన్నవాడితో ఎట్లా కొట్లాడాలో మాకు ఎవరూ నేర్పలేదు.

"ఇంకెవలకన్న అనుమానమున్నదా?" అని అడిగాడు.

"నాకున్నది" అని లేచాను. ఇంకో మాట అనేలోపు అత్త నా జడ పట్టి గుంజి కూర్చోబెట్టింది. వాకిలంతా నవ్వులు. ఆయన కూడా నవ్వాడు.

మర్నాటి నుంచి ఖాలా బీడీలు గంపలో పడటం మొదలైంది. ఒకటీ రెండూ కాదు, చాటలో ఉన్నవన్నీ. బామ్మర్ది కట్ట విప్పకుండానే గంపలోకి విసిరేవాడు. మా అందరికీ వేళ్లు పట్టి నేర్పినామె బీడీలు పనికిరావట! నావి కూడా సగం పోయేవి, కానీ మా ఇంట్లో ఇంకో రెండు జీతాలున్నాయి. ఖాలాకు ఏముంది? పొద్దంతా చుట్టి, ఉత్త చేతులతో ఇంటికి పోయేది. ఆమె వాకిట్లో పొగ లేవడం మానేసింది. భర్తకు మందు బంద్ అయింది. నేను పోయినప్పుడు ఆయన గోడకు ఆనుకుని గాలి కోసం కొట్టుకుంటున్నాడు. తీసుకుపోయిన రొట్టెలు నేను ఖాలా ముందు పెడితే, ఆమె అవి ఆయనకు పెట్టి, నేను తిన్న అని నాతో అబద్ధం ఆడింది. ఆ రోజు ఆ ప్రెసిడెంటుగాడి ఇంటికి నిప్పు పెట్టాలనిపించింది. ఇది చెప్పడానికి నాకేం సిగ్గులేదు.

ఆడవాళ్లలో గుసగుసలు మొదలయ్యాయి. ఎదురుపడి ఎవరూ అనలేదు కానీ, ఖాలా ఉండే గల్లీల్లో ముస్లిం ఇళ్లన్నీ ఆమె మాటకు విలువిచ్చేవి. ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. ఆమె మాట ఎటుంటే ఆ ఓట్లు అటేనని ప్రెసిడెంటుకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. ఒక పొద్దున స్వయంగా ఖాలా ఇంటికి పోయాడు. భర్తకు మందు సీసా ఇచ్చాడు. ఖాలాను రేపటి నుంచి గద్దె మీద చాటన్‌గా కూర్చోమన్నాడు. నెలకింత అని జీతం, బీడీలు చుట్టే పనిలేదు.

నాకు తెలిసి పరుగెత్తుకుపోయాను. "పోకు ఖాలా. నీ నోరు ముయ్యనీకె గద్దె ఇస్తున్నడు. నీ చేత్తోనే మా బీడీలు గంపల ఏయిస్తడు" అన్నాను.

"నాకు తెల్వదా బిడ్డా?" అంది. మంచం వైపు చూసింది. "ఆయనకు మందు గావాలె. ఇగ గద్దె మీద కూసున్నోల్లందరు ఒక్కతీరుగ ఎందుకుండాలె? జర కూసోని చూడనీ."

మర్నాడు ఖాలా గద్దె మీద కూర్చుంది. కాళ్లు కిందికి వేలాడేసి కూర్చోవడం రాక ఇబ్బందిపడింది. సాయంత్రం మేం వరుసగా చాటలు పట్టుకుపోయాం. ఆమె ప్రతి కట్టా విప్పి చూసింది. బామ్మర్ది ఏనాడూ అంత శ్రద్ధగా చూసినవాడు కాదు. వదులుగా ఉన్నది కనిపిస్తే తీసి, గంపలో వెయ్యకుండా, చేసినామె చేతిలో పెట్టింది. "ఇది మళ్ల చుట్టు బిడ్డా. ఈడనే కూసో, నేను ఆగుత" అంది. అక్కడికక్కడే విప్పి, సరిచేసి, మళ్లీ చుట్టి ఇచ్చాం. కొంచెం ఆలస్యమైంది, అంతే. ఒక్క చెడ్డ బీడీ మిగల్లేదు. ఒక్కరి కూలీ పోలేదు. గంప ఖాళీగా ఉంది. ఇంత సులువైన పనిని ఇన్నాళ్లూ ఎందుకు చెయ్యలేదని అందరికీ ఒకేసారి తట్టినట్టుంది. చాలా రోజుల తరువాత ఎవరో పాట అందుకున్నారు. నాకైతే ఖాలాను గద్దె మీంచి ఎత్తుకుని తిప్పాలనిపించింది.

అంతలో ఆయన జీపులో వచ్చాడు. వెంట పార్టీవాళ్లు. వాళ్లను వసారాలో కూర్చోబెట్టి గంప కోసం వచ్చాడు. చూశాడు.

"ఇదేంది ఖాలా, ఇయ్యాల గంప ఉపాసమున్నదా?"

"ఖరాబైనయి బాగుచేసిన్రు బేటా. తీసెయ్యనీకె ఏం లేకుండె" అంది ఖాలా.

ఆయన మమ్మల్ని చూశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. అప్పుడు కూడా కోప్పడలేదు. పెద్దగా నిట్టూర్చాడు. "మంచిదే. బజార్ల కొనుక్కొస్త. బీడీల సంఘం ప్రెసిడెంటు బీడీలు కొనుక్కొచ్చిండని ఊరంత అనుకోనీ. నా ఇజ్జత్‌ది ఏమున్నది, మీ ఇజ్జత్ పోతది" అన్నాడు. అని అక్కడే నిలబడ్డాడు. పోలేదు.

పాట ఆగిపోయింది. అప్పుడు మాలో అందరికంటే పెద్దామె, మోకాళ్లు పట్టుకుని లేచింది. ఖాలాకు చిన్ననాటి నుంచి స్నేహితురాలు. సరిచూసి, మంచివని ఖాలా పక్కన పెట్టిన తన కట్టల్లోంచి రెండు తీసి గంపలో వేసింది. "పటేలా, ఖాలా మీద గుస్స కాకు. పాపం దానికి కొత్త. ఇగో, నాయి గింత బాగలేవు" అంది. ఖాలా నౌకరీ ఎక్కడ పోతుందోనని ఆమె భయం. ఆమె మనసులో ఇంకేమీ లేదని నేను ఒట్టు పెట్టి చెప్పగలను. కానీ వెనక ఇంకొకామె లేచింది. ఇంకొకామె లేచింది. కొందరు ఖాలా కోసం వేశారు, కొందరు భయపడి వేశారు, కొందరు ఆయన చూస్తున్నాడని ఎక్కువ వేశారు. ఎందుకు వేశారో గంపకేం తెలుసు? మా అత్త తనవి వేసి, చెయ్యి చాచి నా కట్టలు కూడా అందుకుంది. "నా కోడలియి గూడ" అంది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. అందరి ముందు అత్తా కోడళ్లం గుంజులాడుకున్నాం. నా కట్టల దారం తెగి బీడీలు నేల మీద పడ్డాయి. ఆయన వంగి, వాటిలో బాగున్నవి ఏరి తానే గంపలో వేసుకున్నాడు.

సేటు కాలంలో కూడా గంప అంత ఎత్తు నిండలేదు.

ఆయన గంపను చూసి, గద్దె వైపు తిరిగాడు. "చూసినవా ఖాలా? నేను అడిగిన్నా? ఒక్కమాటన్న అడిగిన్నా?" అన్నాడు. వెక్కిరింపు లేదు ఆ గొంతులో. నిజంగానే ఆమెకు ఏదో నచ్చజెబుతున్నట్టు ఉంది. ఖాలా గద్దె దిగింది. చాదర్ నెత్తిమీదికి లాక్కుంది. "రేపు జల్ది రా ఖాలా" అని ఆయన వెనకనుంచి చెప్పాడు. ఆమెను తీసెయ్యలేదు. ఆమెను తీసెయ్యాల్సిన అవసరమే ఆయనకు రాకుండా మేం చూసుకున్నాం.

ఖాలా మళ్లీ రాలేదు. సర్కారు దవాఖానలో నేల తుడిచే పనికి కుదిరింది. ఊరి మొత్తంలో బీడీ అంత అందంగా చుట్టే చేతులు ఇంకొకరికి లేవు, అవి ఫినాయిలు నీళ్లలో నానాయి. అక్కడి జీతంతో ఇద్దరికీ ఒకపూటే గడిచేది. ప్రెసిడెంటు ఎలక్షన్లో గెలిచాడు, దండలు వేశారు. బామ్మర్ది గద్దె మీదికి వచ్చాడు. నేను ఆ వారంలోనే మానేసి, ఇంటికి ఆకు తెచ్చిచ్చే ఇంకో కంట్రాక్టరు దగ్గర చేరాను. అత్త నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. నాకూ అదే కావాలనిపించింది.

కోపం మాత్రం నన్ను నిలవనివ్వలేదు. ఒకరోజు దవాఖానకు పోయాను. ఖాలా వరండాలో గోనెపట్టాతో నేల తుడుస్తోంది. పక్కన కూర్చున్నాను.

"లే ఖాలా. సేటు మీద కొట్లాడినట్టు మళ్ల కొట్లాడుదాం. నువ్వు ముందు లేస్తె మేమందరం లేస్తం" అన్నాను. నిజంగా నమ్మే అన్నాను.

ఆమె పట్టా బకెట్టులో ముంచి, పిండి, నా మొహంలోకి చూసింది. ఆ కళ్లలో కోపం ఉంటే నాకు బాగుండేది.

"ఎవలి మీద కొట్లాడాలె బిడ్డా?" అని అడిగింది. "ఆయన గంపల ఒక్క బీడీ ఎయ్యమని అడుగలేదు గద."

నేను కూర్చున్న చోటు తుడవాల్సి ఉందని, కొంచెం పక్కకు జరగమంది.